పేరు మనది... యంత్రం ఎవరిది?

ఐసు మిషన్లకు సొంత పేరు పెట్టి అమ్మదలచిన వారికి తయారీదారు ఎంపికే కీలకం

వెంగళరావు నగర్ : ఎండలు ముదిరితే ఈ చుట్టుపక్కల ఐసుకు వుండే గిరాకీ ఇంతా అంతా కాదు. యూసఫ్‌గూడ, కృష్ణానగర్ జ్యూస్ బండ్లకు ఐసు కావాలి. అమీర్‌పేట హాస్టళ్ల మెస్సులకు కావాలి. జూబ్లీహిల్స్ కాఫీ హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు, ఫిలింనగర్ షూటింగులకు భోజనాలు పంపే కేటరింగు వారికి కావాలి. పూర్వం ఐసు అంటే ఫ్యాక్టరీ నుంచి ఊకలో పెట్టి, గోనెపట్టా కప్పి రిక్షాలో తెచ్చే దిమ్మే. దాన్ని సుత్తితో పగలగొట్టి గ్లాసుల్లో వేసేవారు. ఇప్పుడు కొళాయి నీళ్లు కలిపి స్విచ్చి వేస్తే ముక్కలు ముక్కలుగా ఐసు రాల్చే చిన్న మిషన్లు వచ్చాయి. వాటిని దుకాణంలో ఒక మూల పెట్టుకోవచ్చు.

ఈ గిరాకీని చూసినప్పుడు ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కుకు, హోటలు సామాను అమ్మే వ్యాపారికి ఒక ఆలోచన రావడం సహజం. ఎవరి మిషన్లో అమ్మి కమిషన్ తీసుకునే బదులు, ఎక్కడో తయారు చేయించి మన పేరే వేసి అమ్మితే? ఫ్యాక్టరీ కట్టనక్కరలేదు, షెడ్డు వేయనక్కరలేదు. రంగు మనం చెప్పినదే, స్టిక్కరు మనదే, లాభం కూడా మనదే.

లాభం మాట నిజమే. అయితే స్టిక్కరుతోపాటు బాధ్యత కూడా మనదవుతుందన్న సంగతి చాలామంది గమనించరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులోకి వచ్చింది. అందులో 'తయారీదారు' అంటే ఎవరో స్పష్టంగా రాసి వుంది. వస్తువును స్వయంగా చేసినవారు, విడిభాగాలు తెచ్చి బిగించినవారు మాత్రమే కాదు, ఇతరులు చేసిన వస్తువు మీద తన గుర్తు వేసినవారు, వేయించినవారు కూడా తయారీదారులే. మిషన్ షాకు కొట్టినా, లోపం వల్ల ఎవరికైనా నష్టం జరిగినా 'అది నేను చేసినది కాదు, ఫలానా ఊరి ఫ్యాక్టరీ వాళ్లు చేసినది' అంటే వినియోగదారుల కమిషన్ ముందు చెల్లదు. అందుచేత ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి డబ్బు కాదు, తయారీదారు ఎంపిక. ఆ ఎంపిక తప్పితే పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత అవుతుంది.

ఈ గడ్డ మీద పాత పాఠం

ఇలాంటి విషయాల్లో ఈ ప్రాంతానికి అనుభవం లేకపోలేదు. వెంగళరావు నగర్‌కు కూతవేటు దూరంలో, ఎర్రగడ్డ దాటితే సనత్‌నగర్. హైదరాబాదు ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు తయారైన చోటు అది. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆ సంస్థ డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టింది. ఇనుప బీరువాలు, ఫ్రిజ్‌లు చేసింది. జపాన్ వారి సీకో కంపెనీ సాంకేతిక సహాయంతో చేతి గడియారాలు కూడా చేసి ఆల్విన్ పేరుతో అమ్మింది. ఒకప్పుడు తెలుగునాట మధ్యతరగతి ఇంట్లో ఫ్రిజ్ అంటే ఆల్విన్ పేరే ముందు వినిపించేది.

1990 దశకంలో ఆ ఫ్రిజ్ విభాగం టాటాల వోల్టాస్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత కంపెనీ కనుమరుగైంది. కూకట్‌పల్లి పక్కన ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా మాత్రం మిగిలాయి. పేరు ఒక చోట, తయారీ ఒక చోట, సాంకేతిక జ్ఞానం మరొక చోట వున్నప్పుడు అందులో ఏ ఒక్కటి తెగినా కొన్నవాడికి దిక్కుండదు. డోరు రబ్బరు కావాలన్నా, థర్మోస్టాట్ కావాలన్నా పాత సామాను కొట్ల వెంట తిరగవలసిందే. కొత్తగా పేరు పెట్టుకునే వ్యాపారి మొదట తలచుకోవలసింది ఇదే: తాను నమ్ముకున్న ఫ్యాక్టరీ అయిదేళ్ల తర్వాత వుంటుందా, విడిభాగాలు ఇస్తుందా?

ఈ కాలనీని ఆనుకుని యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ వుంది. పాతవారికి అది సియెట్‌గానే తెలుసు. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 2007 నుంచి దాని పేరు నిమ్స్‌మే. 1964లో కాకినాడ వ్యాపారులను ఇక్కడికి రప్పించి, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మెక్‌క్లెలాండ్ పద్ధతిలో ఉత్సాహం, పట్టుదల పెంచే శిక్షణ ఇచ్చారు. అది ప్రపంచవ్యాప్తంగా కాకినాడ ప్రయోగంగా పేరుకెక్కింది. ఇక కాలనీకి ఎవరి పేరు పెట్టారో ఆ జలగం వెంగళరావు గారు 1973 నుంచి 1978 వరకు ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో కేంద్ర పరిశ్రమల మంత్రిగా పనిచేశారు. పరిశ్రమ మాట ఈ వీధులకు కొత్త కాదు.

కేటలాగులో అంకె వేరు, మే నెలలో అంకె వేరు

ఐసు మిషన్ కొనేవాడు మొదట అడిగే ప్రశ్న 'రోజుకు ఎన్ని కిలోలు?' అని. కేటలాగులో 100 కిలోలు అని వుంటుంది. వ్యాపారి అదే మాట గిరాకీకి చెబుతాడు. మోసం ఇక్కడే మొదలవుతుంది. ఒక్కోసారి ఎవరూ అబద్ధం చెప్పకుండానే మోసం జరుగుతుంది.

సంగతి ఏమిటంటే, ఆ 100 కిలోలు ఏ వేడిలో అన్నది కేటలాగు అడుగున చిన్న అక్షరాల్లో వుంటుంది. చాలా కంపెనీలు గది వేడి 21 డిగ్రీలు, నీటి వేడి 10 డిగ్రీలు వున్నప్పుడు వచ్చే ఐసును లెక్క చూపుతాయి. అమెరికాలో పరిశ్రమ వారు పెట్టుకున్న కొలత కొంత నిజాయితీ గలది. గాలి 32 డిగ్రీలు, నీరు 21 డిగ్రీల దగ్గర వారు తూస్తారు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో గాలి 40 డిగ్రీలు దాటడం మామూలు. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదయింది. మేడ మీది సిమెంటు ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు 35 డిగ్రీలు వుంటే ఆశ్చర్యం లేదు.

లెక్క వేస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కిలో కేలరీ వేడి తీయాలి. సున్నా డిగ్రీల నీటిని ఐసు చేయడానికి మరో 80 కిలో కేలరీలు తీయాలి. 10 డిగ్రీల నీటితో మొదలుపెడితే మొత్తం 90. 21 డిగ్రీల నీటితో అయితే 101. మన ట్యాంకులోని 35 డిగ్రీల నీటితో అయితే 115. అంటే మిషన్ శక్తి ఏమాత్రం తగ్గలేదనుకున్నా, కేటలాగులోని 100 కిలోలు మన దగ్గర 78 కిలోలే. దానికి తోడు వెనుక జాలీ, అంటే కండెన్సర్, వేడి గాలిలో వుంటే కంప్రెసర్ శక్తి కూడా తగ్గుతుంది. పొయ్యి పక్కన పెట్టిన మిషన్ సంగతి చెప్పనక్కరలేదు. అసలు ఐసు కావలసిన రోజునే అది తక్కువ ఇస్తుంది.

కాబట్టి తయారీదారుకు వేయవలసిన మొదటి ప్రశ్న 'ఎన్ని కిలోలు?' కాదు. 'గాలి 43, నీరు 35 డిగ్రీలు వున్నప్పుడు ఎన్ని కిలోలు?' అని అడగాలి. మంచి ఫ్యాక్టరీలో వేడి పెట్టి పరీక్షించే గది వుంటుంది. వారు ఆ పట్టిక తీసి చేతిలో పెడతారు. పట్టిక లేదన్నవారు, 'ఏం ఫర్వాలేదు, బాగానే ఇస్తుంది' అన్నవారు తమ మిషన్ సంగతి తమకే తెలియని వారు.

ఆ పట్టిక వున్నా సరే ఒక మిషన్ తెప్పించి స్వయంగా తూచుకోవడం ఉత్తమం. ఇందుకు కావలసినవి ఒక కాటా, ఒక చిన్న కరెంటు మీటరు, ఒక థర్మామీటరు. 24 గంటలు నడిపించి వచ్చిన ఐసు ఎన్ని కిలోలు, కాలిన యూనిట్లు ఎన్ని, ఖర్చయిన నీళ్లు ఎన్ని లీటర్లు అని రాసుకోవాలి. ఆ మూడు అంకెలే రేపు గిరాకీకి చెప్పవలసిన అంకెలు.

నీళ్లే సగం జబ్బు

చిన్న ఐసు మిషన్లు స్థూలంగా రెండు రకాలు. ఒకదానిలో చల్లటి లోహపు వేళ్లు నీళ్ల తొట్టిలో మునిగి వుంటాయి. వాటి చుట్టూ ఐసు పేరుకుని తూటా ఆకారంలో రాలుతుంది. రెండోదానిలో నిలువుగా నిలబెట్టిన గళ్ల పలక మీద నీరు పైనుంచి పారుతూ వుంటుంది. గళ్లలో ఐసు కట్టి చతురస్రపు ముక్కలుగా పడుతుంది. పారే నీటిలో శుద్ధమైన నీరు ముందు గడ్డకడుతుంది, ఉప్పులు కింది తొట్టిలోకి జారిపోతాయి. అందుకే రెండో రకం ఐసు అద్దంలా వుంటుంది. బేరం ఆడే గిరాకీ ఏ రకం అడుగుతున్నాడో తెలుసుకోకుండా ఆర్డరు ఇవ్వరాదు. జ్యూస్ బండికి తూటా ముక్క చాలు. జూబ్లీహిల్స్ హోటలు వారు అద్దంలాంటి ముక్క అడుగుతారు.

నగరంలో బోరు నీరు చాలా చోట్ల కఠినమైనది. ఉప్పులు పలక మీద తెల్లగా గారలా పేరుకుంటాయి. ఐసు విడిపడదు. మిషన్ ఆగుతుంది. మెకానిక్కు వచ్చి గ్యాసు పోయిందంటాడు. గ్యాసు పోలేదు, గార పట్టింది. మిషన్‌లో మురికి నీటిని ప్రతి విడతకూ బయటకు వదిలే ఏర్పాటు వుందా, కడిగే బటన్ వుందా, లోపలి తొట్టి చేతికి అందుతుందా అని చూడాలి. ఫిల్టరు పెట్టకుండా బోరు నీటికి కలిపితే వారంటీ చెల్లదని కాగితం మీద ముందే రాయడం అటు గిరాకీకీ, ఇటు వ్యాపారికీ మంచిది.

ఐసు తినే వస్తువు అన్న సంగతి మరువరాదు. నీరు తగిలే లోహం స్టెయిన్‌లెస్ స్టీలా, లేక రాగి మీద నికెల్ పూతా అని అడగాలి. పూత పలుచగా వుంటే గార తీసే ఆమ్లానికి లేచిపోతుంది. ప్లాస్టిక్ భాగాలు ఆహారానికి తగిన రకమేనని ఫ్యాక్టరీ రాసి ఇవ్వాలి. చేపలు, మాంసం చల్లగా వుంచడానికి వాడే ఐసుకు, తాగే ఐసుకు తేడా తెలియాలని 2018లో ఆహార భద్రతా సంస్థ తినరాని ఐసుకు నీలి రంగు కలపాలని ఆదేశించింది. అప్పటిదాకా బండ్ల మీద ఏ ఐసు ఎక్కడిదో తెలిసేది కాదు. ఈ భయం వల్లే దుకాణాల వారు సొంత మిషన్ల వైపు చూస్తున్నారు. ఆ మిషన్ లోపలే పాచి పడితే ఇక భయం తీరిందేముంది?

గ్యాసు, కరెంటు

మిషన్‌లో ఏ గ్యాసు వాడారో వెనుక రేకు మీద వుంటుంది. ఆర్ 404ఏ, ఆర్ 134ఏ పాత రకాలు. ఇవి ఓజోన్ పొరకు చేటు చేయవు కానీ భూమిని వేడెక్కిస్తాయి. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే మొదటిది 3,900 రెట్లకు పైగా, రెండోది 1,430 రెట్లు వేడెక్కిస్తుందని లెక్క. 2016 నాటి కిగాలి ఒప్పందాన్ని భారతదేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మన దేశంలో ఇలాంటి గ్యాసుల వాడకం 2028లో పెరగకుండా ఆగాలి, 2032 నుంచి తగ్గాలి. నేడు అమ్మిన మిషన్ ఎనిమిదేళ్లు నడవాలంటే అప్పటికి గ్యాసు దొరకాలి, ధర అందుబాటులో వుండాలి.

ఆర్ 290 అనేది ప్రొపేన్. వంట గ్యాసుకు చుట్టం. భూమిని వేడెక్కించే గుణం నామమాత్రమే. కరెంటు కూడా ఆదా. అయితే మంట అంటుకునే గుణం వుంది. అందుకే చాలాకాలం ఒక మిషన్‌లో 150 గ్రాములకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం వుండేది. 2019లో షరతులతో దాన్ని సుమారు 500 గ్రాముల దాకా పెంచారు. ఈ గ్యాసు మిషన్లు అమ్మదలచినవారు మెకానిక్కులకు ముందుగా శిక్షణ ఇప్పించాలి. గొట్టంలో గ్యాసు వుండగా వెల్డింగు దీపం పెట్టే పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

కరెంటు విషయానికి వస్తే రేకు మీద 220-240 వోల్టులు, 50 సైకిళ్లు అని వుండాలి. అమెరికా కోసం 60 సైకిళ్లకు చేసిన మిషన్లను మిగిలిపోయిన సరుకుగా చౌకగా అంటగట్టేవారు వుంటారు. వోల్టేజి తగ్గినప్పుడు కంప్రెసర్ మొదలవుతుందా అన్నది కూడా నమూనా మిషన్ మీద చూసుకోవాలి. ఫ్యాక్టరీలో చూసేటప్పుడు కరెంటు నిలకడగా వుంటుంది. వేసవి సాయంత్రం కృష్ణానగర్ సందులో అలా వుండకపోవచ్చు.

ఫ్యాక్టరీయా, దళారీయా?

చిన్న ఐసు మిషన్లకు చైనాలో నింగ్బో, సిషీ ప్రాంతాలు పేరుపడ్డాయి. అక్కడి ధర వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. దూరపు కొండలు నునుపు. ఫోనులో 'మాది ఫ్యాక్టరీ' అన్నవారిలో పలువురు నిజానికి నాలుగు చోట్ల కొని అమ్మే దళారులు. దళారీ వుండడం నేరం కాదు. కానీ ఫ్యాక్టరీ అని నమ్మి దళారీకి డబ్బు కడితే, మిషన్ చెడినప్పుడు అడిగే తలుపు వుండదు.

దేశంలోని తయారీదారును ఎంచితే ధర కొంత ఎక్కువ పడవచ్చు. కానీ రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు. విడిభాగం రెండు రోజుల్లో లారీ పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు. ఇతరుల పేరుతో సరుకు చేసి ఇచ్చే పద్ధతి మన దేశంలో బాగా స్థిరపడింది. తిరుపతిలో డిక్సన్ కంపెనీ వారి ఫ్యాక్టరీలో తయారైన టీవీలు వేరు వేరు కంపెనీల పేర్లతో ఇళ్లకు చేరాయి. కొన్నవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో టీ తాగి రావడం కాదు. లైసెన్సు, కరెంటు బిల్లు చూడాలి. వందల మిషన్లు చేసే చోట కరెంటు బిల్లే అసలు సంగతి చెబుతుంది. గొట్టాల అతుకులు ఎలా వేస్తున్నారు, లీకు ఎలా పట్టుకుంటున్నారు, గ్యాసు నింపే ముందు లోపలి గాలి, తేమ ఎంతసేపు లాగుతున్నారు అన్నవి చూడాలి. తేమ మిగిలితే కంప్రెసర్ త్వరలోనే పోతుంది. చివరగా ప్రతి మిషన్‌నూ నీళ్లు పోసి ఐసు వచ్చేదాకా నడిపిస్తున్నారా, లేక పదింటికి ఒకటి నడిపి పెట్టెల్లో పెడుతున్నారా అని చూడాలి. తిరిగి వచ్చిన మిషన్ల రిజిస్టరు అడగాలి. 'మా మిషన్లు తిరిగి రావు' అని గొప్పలు చెప్పేవారికంటే, 'నిరుడు ఇన్ని వచ్చాయి, కారణం ఇది, ఇలా సరిచేశాం' అని చూపేవారిని నమ్మవచ్చు.

నమూనాకు సీలు

ఈ వ్యాపారంలో దెబ్బతినే మరో చోటు నమూనా. మొదట పంపే మిషన్ చక్కగా వుంటుంది. పేరున్న కంప్రెసర్, దళసరి రేకు, మందపాటి ఇన్సులేషన్. తర్వాత వచ్చే 100 మిషన్లలో కంప్రెసర్ మారుతుంది, రేకు పలుచబడుతుంది. పైన పటారం, లోన లొటారం. దీనికి విరుగుడు వుంది. నచ్చిన నమూనాలు రెండు తీసి, ఇరువురి సంతకాలతో సీలు వేసి, ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి వ్యాపారి దగ్గర వుంచాలి. కంప్రెసర్, ఫ్యాను మోటారు, నీటి పంపు, కంట్రోలు బోర్డు ఏ కంపెనీవి, ఏ నంబరువి అని జాబితా జతచేయాలి. రాతపూర్వక అనుమతి లేకుండా అందులో ఏదీ మార్చరాదని ఒప్పందంలో వుండాలి.

డబ్బు చెల్లింపులో సాధారణంగా 30 శాతం అడ్వాన్సు, మిగిలినది సరుకు బయలుదేరే ముందు అనే పద్ధతి వుంది. ఆ మిగిలిన సొమ్ము కట్టేది సరుకు చూసిన తర్వాతే కావాలి. స్వయంగా వెళ్లలేకపోతే తనిఖీ చేసిపెట్టే సంస్థలు వున్నాయి. ఫ్యాక్టరీ వారు చూపిన పెట్టెలు కాకుండా, తనిఖీకి వెళ్లినవారు తమకు తోచిన పెట్టెలు తెరిపించాలి.

పొదుపు ఎక్కడ, ఖర్చు ఎక్కడ అన్నది ఒక చిన్న లెక్కతో తేలుతుంది. ఒక వ్యాపారి 100 మిషన్లు తెప్పించాడనుకుందాం. చౌక ఫ్యాక్టరీని ఎంచడం వల్ల మిషన్‌కు 500 రూపాయల చొప్పున 50 వేలు మిగిలాయి. వారంటీ లోపల 15 మిషన్ల కంప్రెసర్లు పోయాయి. కొత్త కంప్రెసర్, గ్యాసు, మెకానిక్కు కూలి, ఆటో కలిపి ఒక్కోదానికి 8 వేలు అనుకున్నా లక్షా 20 వేలు. మిగిలిన 50 వేలు పోను చేతినుంచి 70 వేలు పడ్డాయి. ఆ 15 దుకాణాల వారు వీధిలో చెప్పుకునే మాటకు లెక్క కట్టలేము.

కాగితం మీద వుండవలసినవి

నోటి మాట మీద నడిచే వ్యాపారాలు చాలా వున్నాయి. ఇది వాటిలో చేరదు. ఒప్పందంలో ముఖ్యంగా వుండవలసినవి ఇవి:

వారంటీ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు నుంచి కాక, గిరాకీకి అమ్మిన రోజు నుంచి లెక్కకట్టాలి. శీతాకాలంలో వచ్చిన సరుకు వేసవిలో అమ్ముడుపోయేసరికి వారంటీ సగం కరిగిపోతే నష్టం వ్యాపారికే.

ప్రతి విడత సరుకుతో వందకు రెండు మిషన్లకు సరిపడా విడిభాగాలు ఉచితంగా పంపాలి. మోడలు నిలిపివేసిన తర్వాత కూడా కనీసం అయిదేళ్లు విడిభాగాలు ఇవ్వాలి.

ముందు డోరుకో, తొట్టికో కొత్త ఆకారం కోరి అచ్చుకు డబ్బు కట్టినవారు, ఆ అచ్చు తమ ఆస్తి అని రాయించుకోవాలి. లేకుంటే అదే ఆకారం మిషన్ వేరే స్టిక్కరుతో పక్క దుకాణంలో ప్రత్యక్షమవుతుంది. అచ్చుల నాణ్యత గురించి సలహాకు దూరం వెళ్లనక్కరలేదు. బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వుంది.

ప్రతి మిషన్ మీద చెరిగిపోని సీరియల్ నంబరు వుండాలి. ఒక విడతలో లోపం బయటపడితే ఏవి వెనక్కు పిలవాలో దానివల్లే తెలుస్తుంది. అలా పిలిచే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మిషన్ వల్ల ఎవరికైనా హాని జరిగితే పరిహారంలో ఫ్యాక్టరీ వాటా ఎంతో రాయించాలి. చట్టం దృష్టిలో వ్యాపారి తయారీదారుడే అయినా, ఈ వాక్యం వుంటే కట్టిన సొమ్ము ఫ్యాక్టరీ నుంచి రాబట్టుకునే దారి వుంటుంది.

పేరుకు రక్షణ, పేరుతో వచ్చే పనులు

పేరు పెట్టుకోగానే సరిపోదు. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద నమోదు చేయించాలి. శీతల యంత్రాలు 11వ తరగతిలోకి వస్తాయి. ఒకసారి నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. చైనాలో చేయిస్తే అక్కడ కూడా నమోదు చేయించడం మేలు. ఆ దేశంలో ముందు దరఖాస్తు పెట్టినవారిదే పేరు. స్టిక్కర్లు అచ్చువేయించిన తర్వాత ఈ పని తలపెడితే అప్పటికే ఆలస్యమవుతుంది.

పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరు వుండాలని 2011 తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. సొంత పేరు గొప్పగా వేసి, పుట్టిన దేశం దాచే పని పెట్టుకోరాదు. బీఐఎస్ గుర్తు విషయంలో ఆర్డరు ఇచ్చేనాటికి అమలులో వున్న ఆదేశం చూసుకున్నాకే అడ్వాన్సు కట్టాలి.

పాడైన మిషన్ల సంగతి కూడా పేరు పెట్టినవారిదే. 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. ఇతరులు చేసిన యంత్రాన్ని తన పేరుతో అమ్మేవారిని కూడా ఉత్పత్తిదారుగానే అవి లెక్కిస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి. పాత మిషన్లను పద్ధతి ప్రకారం విడగొట్టించే బాధ్యత తీసుకోవాలి.

తొందర వద్దు

ఇవన్నీ చూస్తే చిన్న వ్యాపారి భయపడిపోవచ్చు. భయపడవలసిన పని లేదు, తొందరపడకుంటే చాలు. దీపావళి తర్వాత ఫ్యాక్టరీలు చూడడం మొదలుపెట్టి, నాలుగైదింటి నుంచి రెండింటిని ఎంచి, చెరొక మిషన్ తెచ్చుకోవచ్చు. మొదటి వేసవి వాటిని తెలిసిన జ్యూస్ దుకాణంలో ఒకటి, మెస్సులో ఒకటి పెట్టి నడిపిస్తే ఏప్రిల్, మే నెలలే పరీక్ష పెడతాయి. రోజుకు ఎన్ని కిలోలు ఇచ్చిందో, ఎన్నిసార్లు ఆగిందో, ఫోను చేస్తే ఫ్యాక్టరీ ఎన్ని గంటల్లో పలికిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ఆ రెండింటిలో ఏది మంచిదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక వేసవి వ్యాపారం పోతుందన్న బెంగ వుంటుంది. 100 మిషన్లు ఒకేసారి తెచ్చి, సగం వెనక్కు మోసుకురావడం కంటే అది చిన్న నష్టమే.

1833లో బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు ఐసు వచ్చిన రోజుల్లో దాన్ని అమ్మినవారికి ఒకటే పూచీ: రేవు చేరేలోగా కరగకుండా చూడడం. మద్రాసులో 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ కాలపు గుర్తుగా నేటికీ నిలిచి వుంది. ఇప్పుడు ఐసు బదులు ఐసు చేసే యంత్రమే అమ్ముతున్నారు. దాని మీద పేరు చూసి కొన్న జ్యూస్ దుకాణం ఆసామి మూడో వేసవిలో మిషన్ ఆగితే నింగ్బోకు ఫోను చేయడు. స్టిక్కరు మీది నంబరుకే చేస్తాడు. ఆ ఫోను ఎత్తి, విడిభాగం తీసుకుని సాయంత్రంలోగా వెళ్లగలిగే ఏర్పాటు వున్నవారే ఈ వ్యాపారానికి దిగాలి. ఆ ఏర్పాటుకు ఒప్పుకునే ఫ్యాక్టరీ దొరికేదాకా స్టిక్కర్లు అచ్చువేయించకపోవడమే మంచిది.